దగ్గు దగ్గర పేజీ తిప్పాలి

రిటైరైనవాళ్లు అనుభవాలు రాస్తారు. నేనూ రిటైరయ్యాను కాబట్టి రాస్తున్నాను. నా వయసు ఇరవై ఏడు. చేసిన కొలువుకి జీతం లేదు, పెన్షన్ లేదు, పోయేరోజు శాలువా కూడా కప్పలేదు. ఢిల్లీ చలికి అదొక్కటైనా పనికొచ్చేది.

కొలువు పేరు రీడింగ్ మెంటర్. చిన్నపిల్లల పక్కన కూర్చుని, వాళ్లు చదువుతుంటే వినడం. ఇదేదో మంచి పని చేస్తున్నానని ఎస్టీడీ బూత్ నుంచి మా నాన్నకు చెబితే, "పక్కన కూర్చోడానికి మనిషి కావాలా? పిల్లిని కూర్చోబెట్టినా సరిపోతది కదరా" అన్నాడు. ఆయన మాటలో కొంత నిజం ఉంది. కొందరు వాలంటీర్ల కంటే పిల్లి నయం. అది మధ్యలో మాట్లాడదు.

ఈ ఏడు కొత్తగా చేరేవాళ్లకు నాలుగు ముక్కలు రాసివ్వమని అడిగారు. అక్షరాలెలా నేర్పాలో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. వాటిలో లేని సంగతి ఒకటే నాకు తెలుసు. అదే రాస్తాను.

పని ఏమిటంటే

మా బడి పేరు చెప్పను. ఢిల్లీలో తెలుగు పిల్లల కోసం ఉన్న చిన్న బడి అనుకోండి చాలు. ఎక్కువమంది కంటోన్మెంట్ నుంచి వస్తారు, మిలిటరీవాళ్ల పిల్లలు. వాళ్లలో వాళ్లు హిందీలో తిట్టుకుంటారు, ఇంట్లో సగం తెలుగులో తిట్లు తింటారు. మన అక్షరాలు వాళ్ల కంటికి మిఠాయి కొట్లో జిలేబీల్లాగే ఉంటాయి. శనివారం మధ్యాహ్నం క్లాసులయ్యాక వాలంటీర్లు వచ్చి ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని చదివించాలి.

నేను అప్పట్లో మునిర్కాలో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాను. చదువు బాగానే సాగేది, పరీక్షలే సాగేవి కావు. బళ్లో చేరడానికి కారణం సేవాభావం అని చాలామంది అనుకున్నారు, నేనూ కాదనలేదు. అసలు కారణం శనివారం వాలంటీర్లకు పెట్టే భోజనం. రాజ్మా తిని తిని నాలిక మొద్దుబారినవాడికి, రింగు రోడ్డంతా తిరిగే ముద్రికా బస్సులో వేలాడి వెళ్తే పప్పూ గోంగూర పచ్చడీ దొరుకుతాయని తెలిస్తే, సేవాభావం దానంతటదే పుడుతుంది.

మా పద్ధతి చాలా పాతది. మనం ఒక వాక్యం చదువుతాం, పిల్ల మాట కింద వేలు పెట్టి మన వెంట చదువుతుంది. ఇందులో జాగ్రత్త ఒక్కటే. పిల్ల కళ్లెక్కడున్నాయో చూసుకోండి. కళ్లు పేజీ మీద ఉంటే చదువు నేర్చుకుంటోంది. మీ నోటి మీద ఉంటే మిమ్మల్ని నేర్చుకుంటోంది.

ఇది నాకెలా తెలిసిందంటారా.

దగ్గు

నా మొదటి శనివారం జనవరిలో వచ్చింది. మధ్యాహ్నమే అయినా పొగమంచు విడలేదు, గేటు దగ్గర నిలబడితే బడి కనబడలేదు. మాకిచ్చిన గది వెనకాల ఉంది, ఒకప్పుడు ఆటసామాను పెట్టుకునేవారట. కింద దరీ, అదే మన జంపఖానా, పరిచి ఉంది, మూల ఒక హీటరు ఉత్సాహం లేకుండా ఎర్రబడుతోంది. కిటికీ పక్కన ప్లాస్టిక్ వైరు అల్లిన చేతుల కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది.

కూర్చోబోయాను.  అంతవరకూ గోలగా చదువుతున్న పిల్లలు ఒక్కసారిగా ఆగిపోయారు. జడలు వేసుకున్న పింకీ అనే పిల్ల, అదే ఆ గదికి లీడరని తర్వాత తెలిసింది, నెమ్మదిగా చెప్పింది.

"భయ్యా, వో ఆంటీ కీ కుర్సీ హై."

ఆంటీ కుర్చీ అయితే ఆంటీ వచ్చి కూర్చుంటుంది కదా అని నేను దరీ మీద కూర్చున్నాను. ఆంటీ రాలేదు. పిల్లలు మళ్లీ చదువు మొదలుపెట్టారు. అందరి చేతుల్లోనూ చిరుగులు పట్టిన ఒకే పుస్తకం, ఏనుగుకి గొడుగు దొరకడం అనే కథ. ఒకడు మొదటి పేజీలో ఉన్నాడు, ఒకడు చివర్లో ఉన్నాడు. పేజీ చివరికి వచ్చిన ప్రతివాడూ ఆగి, రెండుసార్లు పొడిగా దగ్గి, ఈల వేసినట్టు ఒక పొడుగాటి శ్వాస తీసుకుని, అప్పుడు పేజీ తిప్పుతున్నాడు.

నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఇది నాకు అంటుకుంటుందేమో అని. మఫ్లరు ముక్కు మీదికి లాక్కున్నాను. బెల్లయ్యాక పిల్లలు బయట పరుగెత్తుతుంటే చెవి పెట్టి విన్నాను. ఒక్కరూ దగ్గలేదు. లోపలికొచ్చి పుస్తకం పట్టారు, పేజీ చివర మళ్లీ దగ్గు. ఇంకోటి కూడా అప్పుడే పట్టుకున్నాను. మాట్లాడితే ఢిల్లీ హిందీ దొర్లే ఆ పిల్లలందరూ, చదివేటప్పుడు మాత్రం శ్రీకాకుళం వైపు పెద్దావిడెవరో సాగదీసి చెబుతున్నట్టు చదువుతున్నారు.

అందరూ వెళ్లాక ఆ కుర్చీ మీద చెయ్యి పెట్టి చూశాను. మంచులా ఉంది. ఒళ్లు జలదరించింది. తర్వాత బల్ల మీద పెట్టాను, అదీ మంచులాగే ఉంది. హీటరు మీద పెట్టాను, అదీ దాదాపు అంతే. జనవరిలో ఢిల్లీలో దయ్యాల్ని ఈ పద్ధతిలో కనిపెట్టలేమని అర్థమైంది.

మా హెడ్ మేడమ్‌ని అడిగితే చెప్పింది. ఆ కుర్చీ అన్నపూర్ణ ఆంటీది. రిటైరైన సుబేదారు గారి భార్య, ఏళ్ల తరబడి ఆ గదిలో పిల్లలకు చదివి వినిపించింది. ఉబ్బసం మనిషి. పేజీ చివరిదాకా ఊపిరి బిగబట్టి చదివి, దగ్గి, గాలి పీల్చుకుని, అప్పుడు తిప్పేది. కిందటి దీపావళి పొగకి ఊపిరి అందక చనిపోయింది. పిల్లలకు మాత్రం ఊరెళ్లిందని చెప్పారు.

"ఎందుకు మేడమ్ అలా?"

"పరీక్షలయ్యాక చెబుదామని. పిల్లలు కదా." కళ్లజోడు సర్దుకుని, పని చెప్పే గొంతులోకి వచ్చేసింది. "నువ్వు ముందు ఆ దగ్గు మాన్పించు. బయటివాళ్లెవరైనా వింటే ఇది బడి కాదు, ఆస్పత్రి అనుకుంటారు."

లత

మిగతా పిల్లలది అలవాటు. లత సంగతి వేరు.

లత రెండో తరగతి. ఇంట్లో ఏదో రెండు మాటలు మాట్లాడుతుందట, బళ్లో మాత్రం ఆంటీ 'ఊరెళ్లిన' దగ్గర్నుంచి నోరు విప్పలేదు. చేతికి ఏనుగు పుస్తకమిస్తే తప్ప. అదిస్తే చదివేది. మిగతావాళ్లు దగ్గేవారు, లతకి ఆయాసమే వచ్చేది. వాక్యం చివర గొంతు అలిసిపోయేది, ఏనుగు తడిసిపోయిందన్న చోట కాస్త జాలి పడేది, గొడుగు దొరికిందన్న చోట తనలో తను నవ్వుకునేది. కళ్లు మూసుకుంటే నా ఎదుట అరవై ఏళ్ల ఆడమనిషి కూర్చుని చదువుతున్నట్టే ఉండేది. కళ్లు తెరిస్తే ముక్కు కారుతున్న స్వెట్టరు పిల్ల.

ఒకరోజు అనుమానం వచ్చి పుస్తకం తలకిందులుగా ఇచ్చాను. చదివింది, సరిగ్గా దగ్గిన చోట పేజీ తిప్పింది. ఇంకోరోజు పుస్తకమే తీసేసుకున్నాను. ఖాళీ అరచేతులు రెండూ ముందు తెరిచి పట్టుకుని చదివింది. దగ్గింది. గాల్లో పేజీ తిప్పింది. గది మూలల్లో పొగమంచు వెలుతురు తప్ప ఏమీ లేదు, మిగతా పిల్లలు తలెత్తి కూడా చూడలేదు, వాళ్లకిది మామూలే.

నేను మంచినీళ్లు తాగడానికి బయటికెళ్లాను. ఆ చలిలో రెండు గ్లాసులు తాగాను. అంత దాహం వేసింది అనుకుందాం.

అక్కడ కుళాయి దగ్గరే అర్థమైంది. ఇందులో దయ్యమూ లేదు, భూతమూ లేదు. అంతకంటే ఘోరం ఉంది. క్లాసులో అందరికంటే గడగడా చదివే పిల్లకి ఒక్క అక్షరం కూడా రాదు. ఇన్నాళ్లూ అది పేజీ వైపు చూడలేదు, ఆంటీ నోటి వైపే చూసింది. ఇలాంటి పొరపాటు మన పనిలోనే జరుగుతుంది. మనకి చదివి వినిపించడం ఎంత బాగా వస్తే అంత ఎక్కువ జరుగుతుంది. అన్నపూర్ణ ఆంటీ చాలా మంచి మనిషి, చదివితే గోడలు కూడా వినేవట. మంచి టీచరు మాత్రం కాదు. ఈ మాట ఆ గదిలో అనే ధైర్యం నాకెప్పుడూ రాలేదు, అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

ఆ వారమే లత తల్లి చంకలో పసివాణ్ని వేసుకుని వచ్చింది. మార్చిలో లత కొత్త పేజీ ఒకటి చదివి చూపించకపోతే పై తరగతికి పంపనని హెడ్ మేడమ్ చెప్పిందట. అలా అయితే పిల్లని పలాస దగ్గర వాళ్ల నాయనమ్మ ఇంట్లో వదిలేస్తానని తండ్రి తేల్చేశాడు. ఆయన హవల్దారు, రెండోమాట ఉండదు.

"అక్కడికి పంపీసినారంటే మళ్లీ సెలవు దొరికేదాకా నా పిల్లని నాను సూడను బాబూ," అంది. "అది అసలే మాటాడదు. నాను లేకపోతే ఇక దానికి ఏటి కావాలో ఎవులికి తెలుస్తాది? ఎలాగోలా సదివించండి."

నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. పసివాడు నా మొహంలోకే చూస్తున్నాడు. మానుకున్నాను.

గొంతు

మొదట మేడమ్ చెప్పినట్టే చేశాను. దగ్గితే వేలెత్తి ఆపేవాణ్ని. లత ఆగింది. దగ్గొక్కటే కాదు, మొత్తం ఆగింది. ఇక ఏనుగు పుస్తకం ఇచ్చినా పలకలేదు. కొత్త పుస్తకం తెచ్చి, పుచ్చకాయల బండి కథ, నా నల్గొండ గొంతుతో చదివాను. అది కుర్చీ వైపు చూస్తూ కూర్చుంది. అక్షరాల అట్టముక్కలిస్తే వాటిని అందంగా గూడులా పేర్చింది. వారాలు గడిచాయి. నేను చదవడం, అది కుర్చీని చూడడం.

ఒక శనివారం నేనూ కుర్చీ వైపు చూశాను. ఈ పిల్ల ఎదురుచూస్తున్న గొంతు అక్కణ్నుంచి రాదు. ఎక్కణ్నుంచో ఒకచోటు నుంచి రావాలి. ఖర్చు లేని గొంతు ఆ గదిలో నాదొక్కటే ఉంది.

ఆంటీని నేను చూడలేదు, వినలేదు. పిల్లలే నాకు నేర్పారు. బెల్లయ్యాక పింకీ నన్నొక మూల కూర్చోబెట్టి పాఠం పెట్టింది. సాగదీయాలి, కానీ మరీ సాగదీయకూడదు. దగ్గు గొంతులోంచి కాదు, ఇంకా కిందినుంచి రావాలి. నేను దగ్గుతాను, అది తల అడ్డంగా ఊపుతుంది. "ఐసే నహీ భయ్యా. ఆంటీకి దర్ద్ హోతా థా. నువ్వు నాటక్ చేస్తున్నావు." నొప్పితో దగ్గమని చెబుతోంది. యూపీఎస్సీ కూడా నన్నింత ఘోరంగా ఫెయిల్ చెయ్యలేదు.

గదికొచ్చి సాయంత్రాలు సాధన చేసేవాణ్ని. ఒంగోలు సుధాకర్ నా రూమ్మేటు, నా వల్ల ఇంటాయన మమ్మల్నిద్దరినీ టీబీ అని ఖాళీ చేయిస్తాడని గోల పెట్టేవాడు. ఒకరోజు సందె వేళ కరెంటు పోయింది. నేను కొవ్వొత్తి కొనడానికి కిందికెళ్లి వచ్చేసరికి వాడు చీకట్లో మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడు బాగా వచ్చిందిరా," అన్నాడు. "అచ్చం ముసలామే. ఆ దగ్గు అయితే, నిజంగా భయమేసింది."

నేను ఇంకా పుస్తకం తెరవలేదని చెప్పాను. కొవ్వొత్తి చూపించాను. వాడు కొవ్వొత్తినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. కింద ఎవరిదో రేడియోలో తెలుగు వార్తలొచ్చి ఉంటాయి, ఢిల్లీ నుంచే కదా చదువుతారు అన్నాను. వార్తలు చదివేవాళ్లు అలా దగ్గుతారా అన్నాడు. మా కింద ఉండేది హర్యానా వాళ్లన్న సంగతి వాడికి గుర్తు రాకముందే కొవ్వొత్తి వెలిగించి చర్చ ముగించాను.

తర్వాతి శనివారం పుచ్చకాయల బండి కథ ఆ గొంతుతో మొదలుపెట్టాను. పిల్లలు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఒక్కొక్కరూ పుస్తకాలు కిందపెట్టి, నాకు వీపు పెట్టి, కుర్చీకి ఎదురుగా తిరిగి కూర్చున్నారు. నేను వాళ్ల వెనకాల చదువుతున్నాను, వాళ్లు ముందున్న ఖాళీ కుర్చీని వింటున్నారు. లత మొహంలో నవ్వు కనబడింది. అదీ కుర్చీకే.

పేజీ చివర దగ్గాను. నొప్పేసింది. నాటకానికి నొప్పి ఉండకూడదు కదా అని మాత్రం అనుకున్నాను. పింకీ వెనక్కి తిరగకుండానే తలూపింది, పాసన్నమాట.

ఇక పని మొదలైంది. లతని పక్కన కూర్చోబెట్టుకుని, మాట కింద వేలు పెట్టించి, ఆ గొంతుతో చదువుతూ చదువుతూ మాట మధ్యలో ఆపేసేవాణ్ని. లత కుర్చీ వైపు చూసేది, మిగతా సగం వస్తుందేమోనని. వచ్చేది కాదు. చాలాసేపటికి తన వేలి కిందికి చూసేది. అలా చూసి మొదటిసారి పలికిన మాట 'బండి'. ఎవరి గొంతో తెలియలేదు, మాట మరీ చిన్నది. వారం వారం నా చదువు తగ్గించుకుంటూ పోయాను. ముందు సగం వాక్యం, తర్వాత వాక్యానికొక మాట. హోలీ నాటికి నేను చేసే పని పేజీ చివర దగ్గడం ఒక్కటే మిగిలింది. మిగతాదంతా లతే చదివేది, అయితే ఆంటీ గొంతుతోనే.

పరీక్ష

హెడ్ మేడమ్ గదిలో పెట్టారు. తల్లి బయట బెంచీ మీద, పసివాడు ఆమె ఒళ్లో. నేను లోపల గోడ పక్కన నిలబడొచ్చు, నోరు మాత్రం తెరవకూడదు. మేడమ్ మూడో తరగతి వాచకంలో ఒక పేజీ తెరిచి ఇచ్చింది. ఆ పేజీ లతకెవరూ ఎప్పుడూ చదివి వినిపించలేదు.

లత చదవలేదు. పేజీ చూసింది, గది చూసింది. ఈ గదిలో ఆ కుర్చీ లేదు. కిటికీ చూసింది, తలుపు చూసింది. బయట పసివాడు ఏడుపు మొదలుపెట్టి ఆపాడు. ఎంతసేపైందో తెలియదు, మేడమ్ నిట్టూర్చి పెన్ను మూత తీసింది.

నోరు తెరవకూడదన్నారు గానీ దగ్గకూడదని ఎవరూ అనలేదు. రెండుసార్లు దగ్గి, ఆ శ్వాస తీసుకున్నాను.

మేడమ్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆవిడ అన్నపూర్ణ ఆంటీతో ఏళ్ల తరబడి కలిసి టీ తాగిన మనిషి. తలెత్తి చూసింది. నన్ను కాదు. నా పక్కన ఖాళీగా ఉన్న చోటుని చూసింది.

లత వేలు మొదటి మాట కిందికి వచ్చింది. చదివింది. కొంచెం బొంగురుగా, హిందీ యాసతో, ముక్కుతో, ఏడేళ్ల పిల్ల గొంతు. లత ఆ గొంతుతో చదవడం మాలో ఎవరమూ ఎప్పుడూ వినలేదు. ఒకచోట తప్పు చదివి, వేలు వెనక్కి జరిపి, దిద్దుకుంది. పేజీ చివరికి వచ్చి ఆగింది. ఎదురుచూసింది. నేను దగ్గలేదు. ఎందుకో అప్పుడు దగ్గకూడదనిపించింది. ఎవరూ దగ్గలేదు.

పేజీ తనే తిప్పింది. అవతల బొమ్మ ఒకటే ఉంది. దాని మీద వేలు పెట్టి, తలెత్తకుండా, ఆ కొత్త గొంతుతోనే అడిగింది.

"ఆంటీ మర్ గయీ నా, భయ్యా?"

చచ్చిపోయింది కదా అని అడుగుతోంది. ఊరెళ్లిందని మేమంతా చెప్పి ఉంచిన మాట తనకెప్పుడూ సరిపోనట్టుంది. నా జేబులో ఎప్పుడూ ఏదో ఒక జోకుంటుంది. వెతికితే దొరకలేదు.

"హా, లతా," అన్నాను.

 పుస్తకం మూసి మేడమ్ బల్ల మీద సరిగ్గా అంచుకి పెట్టి, తలుపు తీసుకుని తల్లి దగ్గరికెళ్లింది. బయట అది గడగడా ఏదో చెబుతోంది, తల్లి ఏడుస్తోంది, పసివాడు ఇద్దరికీ పోటీగా ఏడుస్తున్నాడు.

మేడమ్ పాసని రాసింది. పెన్ను మూత పెట్టింది. నేను వెళ్లబోతుంటే ఆపి, "ఆ దగ్గు ఎవరు నేర్పారు నీకు?" అంది.

"పింకీ, మేడమ్."

"మాన్పించమన్నాను కదా."

"ప్రయత్నంలోనే ఉన్నాను మేడమ్."

 మేడమ్ లేచి తలుపు దగ్గరగా వేసి, నా వైపు చూడకుండా, "ఇంకొక్కసారి" అంది.

దగ్గాను. నా దగ్గే వచ్చింది, నల్గొండ దగ్గు. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ అదే. పింకీ చెప్పినట్టు కిందినుంచి లాగాను, అక్కడేమీ లేదు. మేడమ్ పరవాలేదన్నట్టు చెయ్యి ఊపింది. ఆ రోజు తర్వాత ఆ గొంతు నాకెప్పుడూ రాలేదు.

రిటైర్మెంటు

లతని వాళ్ల నాన్న పంపించలేదు. పరీక్షలయ్యాక మేడమ్ పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆంటీ సంగతి చెప్పింది. వాళ్లు ఓపిగ్గా విన్నారు. తమకెప్పుడో తెలిసిన సంగతి ఆవిడకి ఇప్పుడే తెలిసిందన్నట్టు విన్నారు.

ఇంకో రెండేళ్లు వెళ్లాను. నాకు బ్యాంకులో ఉద్యోగమొచ్చింది, కాన్పూర్ పొమ్మన్నారు. చివరి శనివారం చెప్పి వెళదామని ఆ గదికి పోయాను. పింకీ జట్టంతా పెద్దవాళ్లయిపోయి ముందు బిల్డింగుకి వెళ్లిపోయారు. దరీ నిండా కొత్తపిల్లలు, ఆ ఏడే చేరినవాళ్లు. కిటికీ పక్కన కుర్చీలో, కాళ్లు నేలకి అందకుండా, లత కూర్చుని ఉంది. ఏనుగు పుస్తకం చదువుతోంది, తన బొంగురు గొంతుతోనే. వేలు ప్రతి మాట కిందా నడుస్తోంది, పిల్లలందరి కళ్లూ వాళ్ల వాళ్ల పేజీల మీదే ఉన్నాయి. నేర్పినవాడెవడోగానీ బాగా నేర్పాడనుకున్నాను.

పేజీ చివర లత ఆగింది. ఊరికే ఆగింది, అంతే.

దరీ మీదున్న పిల్లలందరూ కలిసి రెండుసార్లు దగ్గి, ఈల వేసినట్టు ఒక పొడుగాటి శ్వాస తీసుకున్నారు. లత పేజీ తిప్పింది.

ఆంటీని వీళ్లెవరూ చూడలేదు. లతకి ఆ దగ్గు లేదు, నాకు పోయింది. పింకీ నేర్పి ఉంటుంది. అలా అనుకుంటే మనకి బస్సు సమయానికి దొరుకుతుంది. అయినా దగ్గరికి వెళ్లి లతనే అడిగాను, ఇదెవరు నేర్పారే వీళ్లకి అని. నా ప్రశ్న అర్థం కానట్టు చూసింది.

"ఇస్ కే బినా పన్నా నహీ పలట్తా, భయ్యా," అంది. అది లేకపోతే పేజీ తిరగదట.

కొత్తగా చేరేవాళ్లకి చెప్పాల్సింది ఇంతే. పిల్లల కళ్లెక్కడున్నాయో చూసుకోండి. పేజీ చివర కాస్త ఆగండి. మఫ్లరు తెచ్చుకోండి, భోజనం బాగుంటుంది. కింద దరీ మీద కూర్చోండి. కుర్చీ ఖాళీ లేదు.